అప్‌డేట్: చెల్లి పెళ్లి, మళ్లీ బాప్తిస్మం విషయం

నేను అడిగింది గుర్తుందా? మాది గుంటూరులో లూథరన్ కుటుంబం. చెల్లిని చేసుకోబోయే అబ్బాయి వాళ్ల సంఘం త్రిత్వాన్ని (ఒకే దేవుడిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు వేర్వేరు వ్యక్తులు ఉన్నారనే బోధను) ఒప్పుకోదు, యేసు నామంలోనే బాప్తిస్మం ఇస్తుంది. పెళ్లికి ముందు చెల్లి మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలన్నారు.

మీరు చెప్పినట్టే రెండు వైపుల పెద్దల్నీ కూర్చోబెట్టాం. వాళ్ల పాస్టరుగారు యేసుక్రీస్తు నామంలో బాప్తిస్మం పొందమని చెప్పే అపొస్తలుల కార్యములు 2:38 చూపించారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనేవి ఒకే దేవుడు తనను కనపరచుకున్న తీరులే అన్నారు. ఈ బోధ అమెరికా పెంతెకొస్తు వాళ్లలో 1913 తర్వాత బలపడింది. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘం దీన్ని కాదనడంతో ఈ బోధ నమ్మేవాళ్లు దాన్నుంచి విడిపోయారు. మా పాస్టరు అయ్యగారు యేసు బాప్తిస్మం గురించిన మత్తయి 3 తీశారు: కుమారుడు నీళ్లలో, ఆత్మ పావురంలా, తండ్రి స్వరం ఆకాశం నుంచి. మరి సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఎవరికి ప్రార్థించాడని నేనడిగాను. యేసు మానవ స్వభావం ప్రార్థించిందన్నారు వాళ్ల పాస్టరుగారు. నాకది మింగుడుపడలేదు. అయినా ఒకటి చెప్పాలి, యెహోవాసాక్షుల్లా వీళ్లు యేసు దైవత్వాన్ని కాదనరు. ఆయన్నే సంపూర్ణ దేవుడంటారు. యేసు మీద వాళ్ల ప్రేమ నిజమైనదే.

చెల్లి మళ్లీ బాప్తిస్మం తీసుకోనని తేల్చి చెప్పింది. అబ్బాయి సరేనన్నాడు. పెళ్లి మా గుడిలోనే. వాళ్ల సంఘం మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, ప్రార్థనలో పెట్టుకోండి.