సంఘ పెద్దను దించే హక్కు విశ్వాసులకు ఉందా?

పాతప్రతి:
అందరికీ వందనాలు. మా సంఘంలో కమిటీకీ పాస్టర్ గారికీ పడటం లేదు. తీసేద్దామని కొందరు పట్టుబడుతున్నారు. ఇది కొత్త గొడవేం కాదు. క్రీ.శ. 96 ప్రాంతంలో కొరింథులో కొందరు కలిసి తమ పెద్దల్ని పక్కకు తప్పించారు. రోము సంఘం ఊరుకోలేదు. ఇంత పొడుగు ఉత్తరం రాసి ముగ్గురు మనుషులతో పంపింది. రోము సంఘ పెద్ద క్లెమెంతు పేరు మీదున్న మొదటి క్లెమెంతు పత్రిక అంటే అదే. పెద్దలకు లోబడండి అంటుంది. కాబట్టి దించే హక్కు లేదనే నా వాదన.

గోదారిగట్టు:
బ్రదర్, మరి దిదాకే, అదే తొలి క్రైస్తవ సంఘాల నియమాల పుస్తకం, దాని సంగతి? 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికిన ఆ పాత బోధలో 15వ అధ్యాయం చూడండి. అధ్యక్షుల్నీ పరిచారకుల్నీ మీరే ఎన్నుకోండి అంటుంది. వాళ్లకు డబ్బాశ ఉండకూడదట. ఊరూరా తిరిగే అపొస్తలుడు ఒక రోజు ఉండొచ్చు, తప్పకపోతే రెండు. మూడో రోజు కూడా ఉన్నాడా, అబద్ధ ప్రవక్తే! పోయేటప్పుడు దారికి రొట్టె తప్ప ఏమీ పట్టుకెళ్లకూడదు. మనిషిని ఇంత లెక్కగా తూచమన్న పుస్తకం, ఎన్నుకున్నాక నోరు మూసుకోమంటుందా?

పాతప్రతి:
ఎన్నుకోమంది గానీ దించమని ఎక్కడుందండీ?

సండేస్కూల్ అక్క:
తమ్ముళ్లూ, క్లెమెంతు 44వ అధ్యాయం తాపీగా చదవండి. దాని ప్రకారం కొరింథులో తీసేసిన ఆ పెద్దలు, అపొస్తలులో, ఆ తర్వాత పేరున్న పెద్దమనుషులో, సంఘమంతా ఒప్పుకోగా నియమించినవాళ్లు, పైగా నింద లేకుండా సేవ చేసినవాళ్లు. అలాంటివాళ్లను తీసేయడం అన్యాయం అంటాడు. ఈ పత్రికను పట్టుకొచ్చేవాళ్లంతా “నింద లేకుండా” అన్న ముక్కను మింగేస్తారు. “సంఘమంతా ఒప్పుకోగా” అన్నదీ అంతే.

నింద వచ్చినప్పుడు ఏం చేశారో కూడా ఉంది. ఫిలిప్పీలో వాలెన్స్ అనే పెద్ద, ఆయన భార్య డబ్బాశకు లొంగారు. రెండో శతాబ్దపు స్ముర్న సంఘ అధ్యక్షుడు పాలీకార్ప్ ఆ సంఘానికి రాసిన ఉత్తరంలో దాన్ని దాచలేదు, పేరు పెట్టే రాశాడు. తనకిచ్చిన స్థానం ఏమిటో ఆయనకు తెలియలేదే అని బాధపడ్డాడు. అలాగని వాళ్లను శత్రువుల్లా చూడొద్దు, దారి తప్పిన అవయవాల్లా వెనక్కి పిలవండి అన్నాడు. నాకు నచ్చింది ఇదే. మన దగ్గరైతే కప్పిపుచ్చడమో, గేటు బయటికి గెంటడమో, మధ్యలో ఇంకేమీ ఉండదు.

ఖాతాపుస్తకం:
అక్కా, మీరు చెప్పింది బాగుంది గానీ, అక్కడిదాకా రానివ్వాలి కదా. ఒక చోట నేను ట్రెజరర్‌గా చేశాను. కానుకల పుస్తకంలో రెండు నెలల పేజీలు ఖాళీ. అడిగితే “నేనభిషేకించినవారిని ముట్టకూడదు” అని కీర్తన చదివారు. పుస్తకం బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేశాను. తిమోతి పత్రికలో ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్ద మీద ఫిర్యాదు తీసుకోవద్దని ఉంది, సరే. తర్వాతి వచనమే తప్పు చేసినవాళ్లను అందరి ముందూ గద్దించమంటుంది. రెండోది ఎవరూ చదవరు.

పాతప్రతి:
“నింద లేకుండా” అన్న మాట దగ్గర నేనూ దాటేశాను, ఒప్పుకుంటున్నా. సాక్షులంటారా, మా దగ్గర సరిగ్గా ముగ్గురున్నారు. ముగ్గురూ కమిటీవాళ్లే.