ఈ వారం సమస్య: "కొట్టినాఁడు గాని కొట్టలేదు"

నిర్వాహకుడు:
మిత్రులారా, శనివారం మా అబ్బాయి బేస్‌బాల్ ఆటకు మా అమ్మను తీసుకెళ్ళాను. వాడు బంతిని గట్టిగానే కొట్టాడు. అవతలివాళ్ళు దాన్ని పట్టి ఫస్ట్ బేస్‌కు, అంటే కొట్టినవాడు పరుగెత్తి చేరాల్సిన మొదటి గురుతుకు, విసిరేసరికి ఔటయ్యాడు. బంతికన్నా ముందు బేస్ చేరితేనే దాన్ని హిట్ అంటారు. స్కోరు రాసే ఆవిడ "హిట్ లేదు" అంది. అమ్మ నావైపు తిరిగి, "కొట్టాడు కదరా, కొట్టలేదంటుందేమిటి?" అని అడిగింది. అక్కడే పాదం దొరికింది. ఒకటే నియమం: 1900కు ముందు అమెరికాలో డబ్బు తీసుకుని ఆడిన రోజుల సంగతే వస్తువు కావాలి. క్రికెట్ పూరణలు వద్దు, పోయిన ఏడాది చాలా వచ్చాయి.

పలనాటి కలం:
1880 జూన్ 12, వూస్టర్ ఊరి మైదానం, ప్రత్యర్థి క్లీవ్‌లాండ్.

బంతి కుడికి నేగ పరుగెత్తి నైటంది
మొదటి బేసు కంపె మూల నుండి
ఔటు ఫిలిపు, బంతి యడుగు కన్నను ముందె
కొట్టినాఁడు గాని కొట్టలేదు

బంతి విసిరినవాడు లీ రిచ్‌మండ్, ఎడమచేతి వాటం. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఆఖరు ఏడాది చదువుతున్నాడు, నాలుగు రోజుల్లో పట్టా రావాలి. ముందు రాత్రంతా తోటివాళ్ళతో సంబరాల్లో గడిపి, పొద్దున రైలెక్కి వచ్చి ఆడాడు. 27 మంది బ్యాటు పట్టారు, ఒక్కడూ బేస్ చేరలేదు. పెద్ద లీగుల్లో తొలి పర్ఫెక్ట్ గేమ్ అదే, స్కోరు 1-0. బిల్ ఫిలిప్స్ కొట్టిన బంతి కుడివైపు ఔట్‌ఫీల్డ్‌కు వెళ్ళింది. ఎవరైనా హిట్ అనే అనుకుంటారు. లాన్ నైట్ అక్కణ్ణుంచి నేరుగా ఫస్ట్ బేస్‌కు విసిరి ఔట్ చేశాడు. ఆ ఒక్క విసురు లేకపోతే రిచ్‌మండ్ ఈ లెక్కలోనే ఉండేవాడు కాదు.

గోదారిగట్టు:
"బంతి యడుగు కన్నను ముందె" చాలా బాగుంది. ఆటగాడి కాలికీ బంతికీ మధ్య ఉన్న ఆ అరక్షణం కళ్ళకు కట్టింది. కానీ పలనాటి వారూ, ఫిలిప్స్‌ను ఫిలిపు చేసేశారు. నాలుగు నెలల కింద నేను "రాడ్‌బోర్న్" అనే ఆటగాడి పేరును "రాడుబోరు" అన్నందుకు మీరు నన్ను మూడు రోజులు వదల్లేదు. ఇంకొకటి, "నుండి" తర్వాత "ఔటు" అచ్చుతో మొదలైంది. "యౌటు" అంటే చెవికి హాయి, యతికీ ఇబ్బంది లేదు.

నాది:

కంచె దాటె బంతి; గణన మాత్రము రెండె
మరుసటేడు రూలు మారిపోయె
నిరువదేడు వచ్చె నెనుబదినాల్గున
కొట్టినాఁడు గాని కొట్టలేదు

షికాగో ఆటగాడు నెడ్ విలియమ్సన్. వాళ్ళ సొంత మైదానంలో పక్క కంచెలు రెండూ 200 అడుగుల లోపే. 1883లో ఆ కంచె దాటిన బంతికి రెండు బేసులే ఇచ్చేవారు. 1884లో దాన్నే హోమ్ రన్ అన్నారు, అంటే నాలుగు బేసులూ చుట్టి వచ్చే పరుగు. విలియమ్సన్ ఆ ఏడు 27 కొట్టాడు, అందులో 25 సొంత మైదానంలోనే. 1919లో బేబ్ రూత్ 29 కొట్టేదాకా ఆ రికార్డు చెక్కుచెదరలేదు.

ఓహాయో వదిన:
ఆయన ఆటలో 27, ఈయన ఆటలో 27! గోదారిగట్టు గారూ, ఒక సందేహం. "కొట్టలేదు" అన్నది ఏ ఏటికి? 83లో బంతి కంచె దాటినా హోమ్ రన్ కాలేదనా, లేక 84లో 27 కొట్టినా కంచె దగ్గర కాబట్టి అవి నిజంగా కొట్టినట్టు కాదనా?

గోదారిగట్టు:
మొదటిదే, వదినగారూ. రెండోది నేను ఎన్నటికీ అనను. ఆ కంచె అందరికీ ఒకటే. ఆ జట్టులో ఫెఫర్ 25, డాల్‌రింపుల్ 22, ఆన్సన్ 21 కొట్టారు. వచ్చిన ప్రత్యర్థులూ అదే మైదానంలో ఆడారు. ఆనాటి రూలు ప్రకారం వచ్చినదాన్ని రికార్డు కాదనడం న్యాయం కాదు.

పలనాటి కలం:
రికార్డును ఎవరూ కాదనడం లేదు. పద్యం నడకే తిరగబడింది. 83, 84, ఆ తర్వాత సమస్యాపాదం. చదివేవాడికి "కొట్టలేదు" 84కే అంటుకుంటుంది, వదినగారి సందేహం అందుకే వచ్చింది. ఇది మీకు అలవాటే. పోయిన నెల సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ జట్టు మీది పూరణలో "ఎనిమిదేడు" అని రాశారు. 8-7 స్కోరని తెలియనివాళ్ళు 87 అనుకున్నారు.

గోదారిగట్టు:
ఆ పూరణ ఇంకా గుర్తుంచుకున్నందుకు సంతోషం. అయితే ఆ ఆట గొప్పదనం మీ విమర్శలో ఎక్కడా రాలేదు, అప్పుడూ చెప్పాను. 1869లో అందరూ బాహాటంగా జీతం తీసుకుని ఆడిన తొలి జట్టు సిన్సినాటి. ఆ ఏడాదంతా ఓటమి లేదు. 1870 జూన్ 14న బ్రూక్లిన్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 5-5. అక్కడి జట్టు అట్లాంటిక్స్ వాళ్ళు డ్రా చాలనుకున్నారు. ఓటమి లేని పేరు నిలుపుకోవడానికి సిన్సినాటి కెప్టెన్ హారీ రైట్‌కు అదే మంచి అవకాశం. ఆయన మాత్రం ఆడాల్సిందేనని పట్టుబట్టాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో సిన్సినాటి వాళ్ళు రెండు చేసి 7-5 అయితే, అట్లాంటిక్స్ వాళ్ళు మూడు చేసి 8-7తో గెలిచారు. షార్ట్‌స్టాప్‌లో, అంటే రెండో మూడో బేసుల మధ్య, ఉన్న సిన్సినాటి జార్జ్ రైట్ వైపు బంతి పోకూడదని అట్లాంటిక్స్ బాబ్ ఫెర్గుసన్ ఎడమచేతి వాటంగా నిలబడి కొట్టాడు. ఇంత కథను నాలుగు పాదాల్లోకి దించడానికి పడిన కష్టం పడినవాడికే తెలుస్తుంది.

నిర్వాహకుడు:
పెద్దలిద్దరూ దయచేసి ఈ వారం సమస్యలోకి రండి. కొత్తచిగురు గారి పూరణ వచ్చింది, చూడండి.

కొత్తచిగురు:
నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పూరణ. తప్పులుంటే చెప్పండి.

హాలు కొట్టె నైదు హద్దు మీఱఁగ మున్ను
లంచగొండి యయ్యె లూయివిల్న
మరుసటేట సొమ్ము, మైదానమున బంతి
కొట్టినాఁడు గాని కొట్టలేదు

జార్జ్ హాల్ 1876లో, నేషనల్ లీగ్ మొదటి ఏడాదిలోనే, 5 హోమ్ రన్లు కొట్టి అందరికన్నా పైన నిలిచాడు. 1877లో లూయివిల్ జట్టుకు మారాడు. ఆగస్టులో ఆ జట్టు లీగ్‌లో పైన ఉంది, తర్వాత కుప్పకూలింది, కప్పు బోస్టన్‌కు పోయింది. ఆటగాళ్ళు జూదగాళ్ళతో నడిపిన టెలిగ్రాములు బయటపడ్డాయి. అందులో "శాష్" అన్న మాట ఉంటే ఆ ఆట ఓడిపోతారని గుర్తు. హాల్, డెవ్లిన్, నికొల్స్, క్రేవర్ నలుగురినీ జీవితాంతం బహిష్కరించారు.

ఓహాయో వదిన:
క్రమాలంకారం! సొమ్ము కొట్టినాఁడు, బంతి కొట్టలేదు! ఇన్నేళ్ళలో ఒకే క్రియతో రెండు నేరాలు చెప్పిన పూరణ నేను చూడలేదు. చిగురూ, నువ్వు ఎవరైనా సరే, ఇక్కణ్ణుంచి వెళ్ళకు.

గోదారిగట్టు:
విరుపు అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ రెండో పాదంలో లం, లూ. యతి చెల్లదు. ఇంత మంచి పద్యంలో ఆ ఒక్క అక్షరం పంటికింద రాయిలా తగులుతోంది. "లాభమెంచి" అని ముగించండి.

పలనాటి కలం:
"లాభమెంచి" అంటే యతి బతుకుతుంది, ఊరు పోతుంది. కథంతా ఆ ఊళ్ళోనే కదా జరిగింది. ఇలా చూడండి:

లూయివిల్లుఁ జేరి లోభి యయ్యె

లూ, లో కుదిరాయి. చిగురు గారూ, "హద్దు మీఱఁగ" మాత్రం మార్చకండి. ఆ రోజుల్లో చాలా హోమ్ రన్లు కంచె దాటకుండా పరుగు మీద వచ్చినవే. అయినా హాల్ తర్వాత మీరిన హద్దు వేరు, ఆ మాట దానికీ పనికొస్తుంది.

కొత్తచిగురు:
ధన్యవాదాలు. అలాగే మారుస్తాను. నిజానికి డెవ్లిన్ మీద రాద్దామని మొదలుపెట్టాను. తిరిగి ఆడనివ్వమని ఏళ్ళ తరబడి బతిమాలాడు, ఒప్పుకోలేదు. ఫిలడెల్ఫియాలో పోలీసుగా చేరి 1883లోనే చనిపోయాడు. అతని కథ ఈ పాదంలో పట్టలేదు, ఏడుపొచ్చి వదిలేశాను.

ఓహాయో వదిన:
అది వేరే సమస్యకు దాచుకో అమ్మా.

గోదారిగట్టు:
పలనాటి వారి సవరణ నా సవరణకన్నా మేలు. రాత్రి కూర్చుని నాదీ తిరగరాశాను. ఈసారి 83 చివరికి వచ్చింది.

కంచె యదియె, బంతి కంచె దాటిన నాఁడు
రెండె యనిరి, పిదప రేటు పెరిగె
నెనుబదిమఱి మూఁట నిరువదేడును లేవు
కొట్టినాఁడు గాని కొట్టలేదు

పలనాటి కలం:
"మఱి" గణం కోసం వచ్చింది, తెలుస్తూనే ఉంది. "రేటు పెరిగె" మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకండి. రాడుబోరు సంగతి ఇక ఎత్తను.