పొలంలో దొరికిన ఈ రాయి సానరాయేనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేం ఇంగ్లాండులో లింకన్‌షైర్ దగ్గర ఉంటున్నాం. ఆదివారాలు రైతు అనుమతితో దుక్కిపొలంలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతుంటాను. మొన్న సీసం ముక్క కోసం తవ్వుతుంటే పక్కనే వేలెడు పొడవున్న బూడిదరంగు రాయి బయటపడింది. ఒక కొసన చిల్లు ఉంది, నడుమ సన్నగా అరిగింది. మధ్యయుగాల సానరాయి అంటారా? బ్రష్‌తో రుద్ది కడగొచ్చా?

జవాబు: బ్రష్ మాత్రం పెట్టకండి. సానరాళ్లనుకున్న ఇలాంటి చిన్న రాళ్లు కొన్ని నిజానికి బంగారం, వెండి గీసి చూసే గీటురాళ్లని మైక్రోస్కోపు కింద తేలింది. ఆ గీతలు కంటికి ఆనవు, రుద్దితే పోతాయి.

చిల్లులోకి టార్చి వేసి చూడండి. రెండు వైపులా వెడల్పుగా ఉండి లోపల ఇరుకైతే, అటూ ఇటూ తిప్పి తొలిచారన్నమాట. తోలుతాడు కట్టి నడుముకి వేలాడేసుకునేవారు. నడుమ అరిగిందంటే కత్తి మాటిమాటికీ అక్కడే ఆడింది. సన్నటి గాడి కూడా ఉంటే సూదులకు మొన తీసి ఉంటారు.

ఎండలో తిప్పితే అభ్రకంలా తళుక్కుమంటోందా? అలాగైతే నార్వేలోని టెలిమార్క్ ప్రాంతం, ఎయిడ్స్‌బోర్గ్ గనుల రాయి కావచ్చు. వైకింగుల కాలం నుంచి ఆ రాయి ఓడల్లో ఇంగ్లాండు చేరేది. కత్తి నూరుకునే రాయి కోసం సముద్రం దాటించేవాళ్లంటే, అది ఎంత మంచి రాయో చూడండి! అయితే చిల్లు ఒక్కటీ చూసి కాలం తేల్చలేం, రోమన్ల నాటి సానరాళ్లూ ఉన్నాయి. నడుమ లావుగా, రెండు కొసలా సన్నగా ఉంటే మాత్రం ఈమధ్యకాలపు కొడవలి రాయి అయ్యుండొచ్చు.

ప్రశ్న: చాలా థాంక్సండీ. చిల్లు లోపల ఇరుకే, తళుకూ ఉంది! ప్రభుత్వానికి చెప్పాలా?

జవాబు: దొరికిన నిధుల గురించి చెప్పే 1996 ట్రెజర్ యాక్ట్ కిందకి ఒంటరి రాయి రాదు. బంగారు, వెండి నిధితో కలిసి దొరికితే అది వేరు. మామూలుగా నేలలో దొరికింది భూయజమానిదే, కాబట్టి ముందు రైతుకి చూపించండి. తర్వాత మీ జిల్లా ఫైండ్స్ లయజాన్ ఆఫీసరుకి (జనానికి దొరికిన పాత వస్తువుల్ని చూసే అధికారి) ఇస్తే, అలాంటి వస్తువుల్ని నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో నమోదు చేస్తారు, ఖర్చేమీ లేదు. దొరికిన చోటు గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపులో ఆ చోటుని చూపే అంకెలు) ఈ రాత్రే రాసిపెట్టుకోండి. ఆ సీసం ముక్కనీ పారేయకండి, రెండూ ఒకే గుంతలోవని చెప్పండి.

ప్రశ్న: సీసం ముక్క కారు డిక్కీలోనే ఉందండీ, ఇప్పుడే తీసి విడిగా సంచిలో పెడతాను.