టీవీల కామెడీ: ఎవలను చూసి నవ్వుతున్నం మనం?

కాజీపేట జంక్షన్

సూటిగ అడుగుతున్న, ఎవ్వలు ఫీల్ గావద్దు. మన టీవీలల్ల లీడర్ల మీద, హీరోల మీద, వార్తల మీద కామెడీ చేస్తున్రు గదా, అది నిజంగ వ్యంగ్యమేనా ఉట్టి ఎక్కిరింపేనా? నేనైతే రూపాయిల తొంభై పైసలు ఎక్కిరింపే అంటున్న.

మా దోస్తు ఒకడు అమెరికాల ఉంటడు, సాటర్డే నైట్ లైవ్ వీడియోలు పంపుతనే ఉంటడు. 1975 నుంచి నడుస్తున్నదట అది, ప్రెసిడెంట్ ఎవలున్నా వేషం కట్టి ఆడుకుంటరు. మొదటి ఏడాదే జెరాల్డ్ ఫోర్డ్ కుర్చీల ఉండంగనే చెవీ చేజ్ అనేటోడు ఫోర్డ్ అని చెప్పి స్టేజి మీద దబ్బదబ్బ కిందవడుడు షురూ చేసిండు, మేకప్ గిట్ల ఏం లేదు, మొఖం కూడ కలువది, అయినా జనానికి ఫోర్డ్ అంటే కిందవడేటోడు అని ఫిక్స్ అయిపోయింది.

మనకాడ ఏమున్నది? జబర్దస్త్ 2013ల షురూ అయింది. ఇన్నేండ్లల్ల జోకులు ఎవల మీద పడ్డయ్? నల్లగున్నోళ్ళ మీద, లావున్నోళ్ళ మీద, పెండ్లాల మీద, అత్తల మీద. జడ్జీ కుర్చీలల్ల ఎవలు కూసున్నరు? నాగబాబు 2019ల జనసేన నుంచి నర్సాపురం ఎంపీకి నిలబడ్డడు, రోజా అప్పట్ల నగరి ఎమ్మెల్యే, 2022ల మంత్రి అయినంకనే షో ఇడిసిపెట్టింది. గా కుర్చీల ముంగట నిలబడి రాజకీయం మీద స్కిట్ ఏం వేస్తడు చెప్పున్రి ఆ ఆర్టిస్టు.

పరకాల పిట్టలదొర

అన్నా నువ్వు ఈటీవీ ఒక్కటే చూసి తీర్పు చెప్తున్నవ్. వీసిక్స్ల తీన్మార్ వార్తలు యాదికి లేదా? బిత్తిరి సత్తి, సావిత్రక్క? అంతకుముందు వార్తలు చదువుడంటే ఒకటే పుస్తకాల భాష, సినిమాలల్ల మన మాట ఎవలు మాట్లాడుదురు, రౌడీగాడు, పనిమనిషి, తాగుబోతు. గదే మాటతోని టీవీల వార్తలు చెప్పిన్రు, కరెంటు లేదు, రోడ్డు లేదు, మంత్రి ఇట్లన్నడు అట్లన్నడు అని పొద్దూకంగ ఇంటింట్ల నవ్విచ్చిన్రు. మా నాయినకు పేపర్ చదువరాదు, తీన్మార్ అయితే మాత్రం రిమోట్ ఎవలకియ్యకపోవు.

ఇంకోటి. సత్తి ఏం కొత్తోడు కాదు. ఖాకీ కోటు, నెత్తి మీద టోపీ, చెక్క తుపాకి పట్టుకొని పిట్టలదొర ఊర్లెకొచ్చి నాకు గింత జాగున్నది, గన్ని బంగ్లాలున్నయి అని కోతలు కోస్తుంటే అందరు నవ్వుదురు. ఎవలను చూసి? వాన్ని చూసి కాదు, వాడు ఏసిన దొర వేషాన్ని చూసి. పిచ్చోని లెక్క ఉండి దొరను అంటడు. సత్తిది కూడ గదే పని.

ఎన్ఐటీ బ్యాక్‌బెంచ్

నాదో డౌటు, తిట్టకండి. మాది గుంటూరు, ఇక్కడ చదువుకోడానికి వచ్చా, ఇక్కడి మాట నాకు బాగానే అలవాటైపోయింది. తీన్మార్ నేనూ చూసేవాణ్ణి. కానీ అదే ఛానల్లో సీరియస్ బులెటిన్ ఏ భాషలో వచ్చేది? బడ్జెట్ గురించి చెప్పాలన్నా, ఎవరైనా పెద్దాయన పోయారని చెప్పాలన్నా మళ్ళీ ఆ పుస్తకాల భాషే కదా. అంటే మీ యాస గెలిచిందా, లేక కమెడియన్ పోస్టులో పర్మనెంట్ అయిందా?

పైగా సత్తి మాటలు తడబడతాడు, మొహం వంకరగా పెడతాడు, మా హాస్టల్లో కోస్తా వాళ్ళం నవ్వింది మంత్రిని చూసి కాదు, సత్తి మాటని చూసి. నేను చెడుగా అనట్లేదు, జరిగింది చెప్తున్నా.

పరకాల పిట్టలదొర

మీ హాస్టల్ల తప్పుగ నవ్వితే సత్తి ఏం జేస్తడు తమ్మీ

డల్లాస్ ఓరుగల్లు

తమ్ముడు అడిగింది చిన్న ప్రశ్న కాదు పిట్టలదొరా, గట్ల కొట్టిపారెయ్యకు. గదే నవ్వు గురించి డేవ్ షాపెల్ కోట్లు ఇడిసిపెట్టుకున్నడు.

తెల్వనోళ్ళకు చెప్త. షాపెల్ నల్లజాతి కమెడియన్, 2003ల కామెడీ సెంట్రల్ల ఆయన షో షురూ అయింది. మొదటి ఎపిసోడ్లనే ఒక స్కిట్ వేసిండు: కండ్లు కనవడని నల్లాయన, తను తెల్లోన్నని అనుకొని నల్లోళ్ళను తిట్టుకుంట పుస్తకాలు రాస్తుంటడు, తెల్లోళ్ళ సంఘంల పెద్ద లీడర్. నవ్వొస్తది, నవ్వినంక కడుపుల ఎట్లనో అయితది. మనిషి పుట్టిన రంగుకు, వానికి ఎక్కిచ్చిన ద్వేషానికి లెక్క ఎక్కడ కలుస్తదని అడిగిండు అందుల. గంత హిట్టయింది, 5 కోట్ల డాలర్ల అగ్రిమెంట్ వచ్చింది. 2005ల షూటింగ్ నడుమల లేసి దక్షిణాఫ్రికా పోయిండు. మొఖానికి నల్ల రంగు పూసుకొని ఒక స్కిట్ చేస్తుంటే సెట్ల ఒక తెల్లాయన నవ్విన తీరు ఆయనకు నచ్చలేదట, వీడు నాతోటి నవ్వుతున్నడా నన్ను చూసి నవ్వుతున్నడా అని డౌటొచ్చింది. గదే డౌటు గుంటూరు తమ్ముడు ఇక్కడ అడిగిండు, ఒక్కటే తేడా, ఈడ నవ్విన్రని చెప్తున్నది నవ్వినోళ్ళల్ల ఒకడు.

లండన్ల కూడ మనోళ్ళు చేసిన్రు. గుడ్‌నెస్ గ్రేషియస్ మీ అని 1998ల బీబీసీ టీవీల వచ్చింది. తెల్లోళ్ళు శుక్రారం రాత్రి తాగి ఇండియన్ హోటల్‌కు పోయి బాగ కారమున్నది తే అని అరుస్తరు గదా, దాన్ని తిప్పేసిన్రు: ఇండియా వాళ్ళు తాగి ఇంగ్లిష్ హోటల్‌కు పోతరు, అస్సలు రుచే లేంది ఏమున్నదో గది తే అంటరు. ఎవల మొఖం మీద ఒక్క రంగు పుయ్యలేదు, ఒక్కల యాసను ఎక్కిరియ్యలేదు, కుర్చీలు అటిటు జరిపిన్రు అంతే. మన టీవీల ఇసొంటిది ఒక్కటి చూపియ్యున్రి. జూబ్లీహిల్స్ యాంకరమ్మ నర్సంపేటల ఉద్యోగం కోసం యాస క్లాసులకు పోయినట్టు ఒక స్కిట్ రావాలె, అప్పుడు నేను నవ్వుత.

జమ్మికుంట అక్క

మీరందరు మొగోళ్ళు యాస దగ్గర్నే ఆగిపోయిన్రు.

నేను ఇంట్ల జబర్దస్త్ పెడితే చానల్ మార్పిస్త. ఎందుకంటే ప్రతి స్కిట్ల పెండ్లాం అంటే కొట్టేది, తిట్టేది, అనుమానం పడేది, ఆ పెండ్లాం వేషం కూడ మొగోడే ఏస్తడు చీర కట్టుకొని. మా చిన్నబిడ్డ నలుపు. ఆమె కూసొని టీవీ చూస్తుంటే అండ్ల ఒకడు ఇంకొకన్ని కరెంటు పోయినట్టున్నది నీ మొఖం అంటే జడ్జీలు పడిపడి నవ్వుడు. అమెరికాల జాతి అని ఏదైతే అంటున్నరో, మనకాడ అది రంగు, కులం. దాని మీద వ్యంగ్యం మన టీవీల లేదు, అదే మన టీవీల జోకు.

కులం ముచ్చట కూడ చెప్త. 2014ల కల్లు గీసేటోళ్ళను కించపరిచిన్రని ఒక స్కిట్ మీద గౌడ సంఘాలోళ్ళు లొల్లి చేసిన్రు. వాళ్ళ బాధ నాకు సమజైతది, తాటిచెట్టు ఎక్కి పానం మీదికి తెచ్చుకునేటోన్ని చూసి ఏసీ స్టూడియోల నవ్వుడేంది. కని ఆనాటి నుంచి ఏమైంది? కులం పేరు తియ్యుడు బంద్ చేసిన్రు, బస్. కులం చేసే అన్యాయం మీద స్కిట్ వచ్చిందా, రెండు గ్లాసుల హోటల్ మీద వచ్చిందా, పరువు హత్య చేసిన మామ మీద వచ్చిందా? రాలే. చీపిరి పట్టుకునేటోడు, సైకిల్ మీద కూరగాయలు అమ్మేటోడు మాత్రం ఇప్పటికీ కమెడియనే.

కాజీపేట జంక్షన్

అక్కా నీ మాటకు నేను చెయ్యెత్తిన. కని డల్లాస్ అన్నా, నువ్వు చెప్పే రూల్ నాకు మింగుడు పడ్తలేదు. మొఖానికి రంగు పుయ్యద్దు, ఎవల వేషం వాళ్ళే వెయ్యాలె అంటే మరి 2008ల సాటర్డే నైట్ లైవ్ల ఒబామా వేషం ఏసింది ఫ్రెడ్ ఆర్మిసెన్ గదా, నల్లోడు కాదు, మొఖానికి రంగు పూసుకొనే ఏసిండు, దాని మీద అప్పుడే పంచాయితీ అయింది. 2012 నుంచి జే ఫారోకు ఇచ్చిన్రు, ఆయన నల్లజాతి ఆయన, గొంతు అచ్చం దిగింది. అయితే ఏం, వ్యంగ్యం పదునెక్కిందా? మిమిక్రీ పదునెక్కింది.

మరి కీ అండ్ పీల్ అనే షోల ఒబామా నెమ్మదిగ మాట్లాడుతుంటే ఎనుక నిలబడి లూథర్ అనేటోడు ఆయన కోపం అంత అరిచి చెప్తడు, మస్తు ఆలోచన, నల్ల ప్రెసిడెంట్ కోపం చూపెడితే దేశం భయపడ్తది అనే ముచ్చటను ఒక్క స్కిట్ల పెట్టిన్రు. 2015ల ఒబామానే వైట్‌హౌస్ విలేకర్ల విందుకు ఆ లూథర్‌ను పిలిపిచ్చుకొని పక్కన నిలబెట్టుకున్నడు. అందరు చప్పట్లు. నాకైతే ఆడనే వ్యంగ్యం సచ్చిందనిపిచ్చింది. ట్రంప్‌ది కూడ గంతే, 2015 నవంబర్ల సాటర్డే నైట్ లైవ్‌కు ఆయన్నే హోస్ట్‌గ పిలిచిన్రు, మల్ల ఏడాదికి అలెక్ బాల్డ్‌విన్ తోని ఎక్కిరిచ్చిన్రు. ముందుగాల కుర్చీ ఏసి కూసోబెట్టింది మీరే గదా?

డల్లాస్ ఓరుగల్లు

పిలిచినా ఎక్కిరిచ్చిన్రు గదనే. ట్రంప్ ట్విట్టర్ల తిట్టిండు, షో బంద్ కాలే, బాల్డ్‌విన్‌కు 2017ల ఎమ్మీ అవార్డొచ్చింది. మనకాడ కపిల్ శర్మ షోల చేసే కీకూ శారదా ఒక బాబా వేషం ఏసిండని 2016ల హర్యానా పోలీసులు పట్టుకపోయిన్రు. ఆ బాబా గుర్మీత్ రామ్ రహీమ్, మల్ల ఏడాదే అత్యాచారం కేసుల జైలుకు పోయిండు. 2017ల శ్యామ్ రంగీలా మోదీ గొంతు చేస్తే టీవీల ఏసుడే బంద్ పెట్టిన్రు. తేడా కనవడ్తలేదా?

ఎన్ఐటీ బ్యాక్‌బెంచ్

హర్యానా దాకా ఎందుకు, వరంగల్లోనే ఉంది కదా. 2014లో టీవీ నైన్ కొత్తగా గెలిచిన తెలంగాణ ఎమ్మెల్యేల మీద ఓ వ్యంగ్య కార్యక్రమం వేస్తే జూన్‌లో కేబుల్ వాళ్ళు ఆ ఛానల్‌తో పాటు ఏబీఎన్ కూడా తీసేశారు. ఛానల్ సారీ చెప్పినా నెలల తరబడి రాలేదు. సెప్టెంబర్ 9న కాళోజీ శతజయంతికి కేసీఆర్ వరంగల్ వచ్చి, తెలంగాణని అవమానించే మీడియాని పది కిలోమీటర్ల లోతున పాతిపెడతామన్నారు. ప్రజాకవి పేరు మీద పెట్టిన సభలో! దాన్ని ఇక్కడ ఎవరూ ఎత్తట్లేదేంటి?

పరకాల పిట్టలదొర

ఎత్తుత. దాస్తలేను. ఆ ప్రోగ్రాం చూసినప్పుడు నాకు నవ్వు రాలే, మంటలేసింది. అరవై ఏండ్ల లొల్లి తర్వాత వచ్చిన అసెంబ్లీ, ఆనాడు ఎమ్మెల్యేను అన్నరంటే ఎమ్మెల్యేనే అన్నట్టు లేకుండె, మమ్మల్ని అన్నట్టుండె, మీకేం తెల్సురా పాలించుడు అన్నట్టుండె. అట్లని కేబుల్ కోసుడు కరెక్టా అంటే కాదు. నువ్వు గా ప్రోగ్రాంకు జవాబు ఇంకో ప్రోగ్రాంతోని చెప్పాలె, తీన్మార్ గట్లనే చెప్పింది గదా. కని తమ్మీ, ఆ నవ్వు కింద ఎవల అహంకారం ఉన్నదో కూడ నువ్వు జర అడుగు. సీఎం మాట ఒక్కటే పట్టుకుంటే సగం ముచ్చటే అయితది.

మట్టెవాడ సార్

చాలాసేపటి నుండి చదువుతున్నాను. పిల్లలు ఒక ఊరివాణ్ణి మరిచారు. నేరెళ్ళ వేణుమాధవ్ మన మట్టెవాడవాడు. 1932లో పుట్టి 2018లో పోయినాడు, 2001లో పద్మశ్రీ. హన్మకొండ పబ్లిక్ గార్డెన్లో కళాప్రాంగణానికి ఆయన పేరే. నాయకుల గొంతులు, సినిమా నటుల గొంతులు దించితే కళ్ళు మూసుకొని విన్నవాడికి మనిషి ముందర నిలబడ్డట్టే ఉండేది. ఆయన ఎవరినీ నొప్పించలేదు. ఆయన్ను శాసనమండలికి కూడ పంపినారు. అది గొప్ప కళ, కాదనను. కాని మిమిక్రీ వేరు, వ్యంగ్యం వేరు, ఈ తేడాను మన టీవీవాళ్ళు కలిపేసినారు. గొంతు దింపినంక దానితో ఏం మాట్లాడించినావు అన్నది ప్రశ్న. 2008లో టీనా ఫే అనే ఆమె, అమెరికాలో ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ అలాస్కా గవర్నర్ సారా పేలిన్ వేషం వేసి, మా ఇంట్ల నుంచి రష్యా కనబడుతుంది అన్నది. పేలిన్ ఆ మాట అనలేదు, కాని ఆమె అన్నదనే ఇప్పటికీ చాలామంది నమ్ముతారు, ఎందుకంటే ఆమె ఆలోచన తీరు ఆ మాటలో పట్టుబడింది. మనవాళ్ళు కేసీఆర్ గొంతు దించి ఏం మాట్లాడిస్తారు? ఏదో బిర్యానీ ముచ్చట. చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం.

జమ్మికుంట అక్క

సార్ నమస్తే. అబద్ధం మాట నిజమైపోవుడు మంచిదేనా మరి? మా వాట్సాప్ల గసొంటి మాటలే రోజుకు యాభై తిరుగుతయి, అవి వ్యంగ్యమని ఎవ్వలంటలేరు.

మట్టెవాడ సార్

మంచి ప్రశ్న అమ్మా. టీవీలో వేషం కనబడుతుంది, వాట్సాప్‌లో వేషం దాచిపెడతారు. ఇప్పటికి ఇంతవరకే చెప్పగలను.

కాజీపేట జంక్షన్

మరి నాదొక ఆఖరు ప్రశ్న. తీన్మార్ నుంచే వచ్చిన మల్లన్న 2021ల వరంగల్, ఖమ్మం, నల్గొండ గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీకి నిలబడి పల్లా రాజేశ్వర్ రెడ్డి మీద ఓడిపోయిండు, 2024 ఉప ఎన్నికల కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిండు. మన ఓట్ల తోనే. నేను తప్పంటలేను, అడిగేటోడు సభల ఉంటే మంచిదే. కని ఇన్నొద్దులు లీడర్లను ఆడుకున్నోడే లీడర్ అయినంక ఆయన వేషం ఇప్పుడు ఏ ఛానల్ల ఎవలేస్తరు?

పరకాల పిట్టలదొర

ఆయన ఎదుటి పార్టీ ఛానల్ల ఏస్తరు, ఆయన సొంత పార్టీ ఛానల్ల బంద్ జేస్తరు, ఇంకేమున్నది

డల్లాస్ ఓరుగల్లు

గీ ఒక్క లైన్ల మన తెలుగు టీవీ అంత వచ్చేసింది పో. పిట్టలదొరా నువ్వే ఒక స్కిట్ రాయరాదు, యూట్యూబ్ల పెడ్దం, కెమెరా ఖర్చు నాది.

జమ్మికుంట అక్క

రాస్తే రాయున్రి గని పెండ్లాం వేషం ఆడమనిషికే ఇయ్యున్రి. డైలాగులు ఆమెకే ఎక్కువుండాలె.