ఎల్క్‌కీ డీర్‌కీ ఒకటే రౌండ్ వాడొచ్చా? మూడు బాక్సులు కాల్చినా గ్రూప్ పడట్లేదు

కొత్తదారి:
అన్నలూ, పొద్దున ఏడింటికి రేంజ్‌కి వెళ్లినవాణ్ణి ఒంటిగంటకి బయటికొచ్చా, భుజం వాచిపోయింది, పేపర్ మీద చూస్తే చిల్లులన్నీ చెల్లాచెదురు. ఈసారి కొలరాడోలో రెండో రైఫిల్ సీజన్‌కి నాకు కౌ ఎల్క్ (ఆడ ఎల్క్, ఇక్కడి పెద్ద జింక) ట్యాగ్, బక్ (మగ) డీర్ ట్యాగ్, అంటే వేటాడే పర్మిట్లు, రెండూ వచ్చాయి, మీకర్ వైపు. ఇంక పద్దెనిమిది రోజులే ఉంది. షాపులో కుర్రాడు డీర్‌కి 150, ఎల్క్‌కి 180 గ్రెయిన్ల బుల్లెట్ ఉన్నది తీస్కో అన్నాడు, పక్కనున్న ఇంకో ఆయనేమో సీసం లేని కాపర్ అయితే రెండింటికీ సరిపోతుందన్నాడు, సరే అని మూడూ తెచ్చా. 150తో సెట్ చేసి 180 పెడితే కింద పడుతోంది, స్కోప్ తిప్పి దాన్ని సరిచేసి మళ్లీ 150 పెడితే పైన పడుతోంది, కాపర్ సంగతి అసలు అడక్కండి. రైఫిల్ థర్టీ క్యాలిబర్, కొత్తదే. ఏది కొనాలో ఒక్కటి చెప్పండి చాలు. ఫ్రెండ్ దగ్గర 300వి ఒక బాక్స్ మిగిలిందట, ఇస్తానంటున్నాడు, అదీ థర్టీయే కదా, తీసుకోనా?

పాతబోల్ట్:
బ్యారెల్ మీద ఏం కొట్టి ఉంది? అది చెప్పండి ముందు. ఫ్రెండ్ బాక్స్ వద్దు.

నిదానం:
ఏ బరువు అన్నది తర్వాత, అసలు సీసం వద్దు. సీసం బుల్లెట్ ఎముకకి తగిలితే పొడిపొడిగా చిట్లుతుంది, ఆ ముక్కలు గాయం దగ్గరే ఉండవు, చుట్టూ జానెడు మేర కండలోకి పోతాయి, కంటికి కనపడవు, ఎక్స్‌రే తీస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకి పంచడానికి ఇచ్చిన డీర్ ఖీమాలో సీసం ఉందని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ దాన్ని పంచొద్దంది. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకి సీసం తూటాలే వాడకూడదు, కాండర్ రాబందులు వేటగాళ్లు వదిలేసిన పేగులు తిని చచ్చిపోతున్నాయని తెచ్చిన చట్టం అది. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే కాపర్ తప్ప ఇంకోటి ఆలోచించొద్దు, నేను మా పాప పుట్టిన ఏడాది నుంచి మారిపోయాను.

ఎర్రమట్టి:
తమ్ముడూ నువ్వు హెచ్‌వన్‌బీ మీద ఉన్నావా గ్రీన్‌కార్డా? ఇది చాలామంది మనవాళ్లకి తెలీదు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్లు రైఫిలే కాదు, ఒక్క తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే దానికి మినహాయింపుంది. లైసెన్స్ గడువు అయిపోయాక కప్‌బోర్డులో బాక్స్ ఉండిపోయినా తంటాయే. నువ్వు 1949 జనవరి 1 తర్వాత పుట్టుంటావు కాబట్టి హంటర్ ఎడ్యుకేషన్ కార్డ్ కూడా ఉండాలి, అది లేకుండా లైసెన్స్ ఇవ్వరనుకో.

కొత్తదారి:
అన్నా గ్రీన్‌కార్డ్ వచ్చి మూడేళ్లయింది, కోర్సు కూడా చేశా. నా ప్రశ్న అది కాదు. పాతబోల్ట్ గారూ, థర్టీ అని చెప్పాను కదా.

పాతబోల్ట్:
థర్టీ అనేది గొట్టం వ్యాసం. .308 విన్‌చెస్టర్, .30-06, .300 విన్ మాగ్, .30-30, .300 బ్లాకౌట్ అన్నీ థర్టీలే. ఒకదాంట్లో ఇంకోటి పెడితే రైఫిల్ పేలి మొహం పోవచ్చు. వెళ్లి చదివి రండి.

కొత్తదారి:
చూశా. 308 విన్. ఫ్రెండ్‌ది 300 విన్ మాగ్ అట. సారీ అండీ, నిజంగా తెలీదు.

రెండెడ్లు:
ఒక చిన్న సవరణ. అందరూ బుల్లెట్ అనేస్తున్నారు, బాక్సులో ఉండేది కార్ట్రిడ్జ్, మన మాటలో తూటా. దాని చివర ఎగిరిపోయే లోహపు ముక్క మాత్రమే బుల్లెట్. 150, 180 గ్రెయిన్లు అంటే ఆ ముక్క బరువు, లోపలి మందు బరువు కాదు. మా బావమరిది రెండేళ్లపాటు 180 అంటే ఎక్కువ మందనుకుని భుజం నొప్పికి భయపడి కొనలేదు. తులం లెక్క తెలిసినవాళ్లకి ఇది తేలిక, పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. 180 గ్రెయిన్ల బుల్లెట్ అంటే తులం బరువు, 11.66 గ్రాములు.

సన్నబియ్యం:
తూటా అంటే మా వైపు క్వారీలో రాయి పేల్చేది. గుండు అనాలి.

రెండెడ్లు:
గుండు అంటే పాత తుపాకీలో వేసే గుండ్రటిది. దీనికి మొన ఉంటుంది. తూటానే కరెక్ట్.

పైన్‌గాలి:
మాటల దగ్గర ఆగిపోకండి, ఆ అబ్బాయికి పద్దెనిమిది రోజులే ఉంది. నేను మోంటానాలో పదకొండేళ్లుగా వేటకి వెళ్తున్నాను, ఇప్పటిదాకా .308 ఒక్కటే. తమ్ముడూ, రెండు జంతువులకి రెండు రకాలు కొనడమే నీ తప్పు. డీర్ తూటా వేసుకుని తిరుగుతుంటే ఎల్క్ ఎదురవుతుంది, అప్పుడు నువ్వు మ్యాగజీన్ మార్చుకునే లోపు అది చెట్లలోకి పోతుంది, మారిస్తే గురి తప్పుతుంది. ఎల్క్‌కి సరిపోయేదేదో అదే డీర్‌కి కూడా వాడు. డీర్ బరువు రెండొందల పౌన్ల అటూఇటూ, ఆడ ఎల్క్ ఐదొందలు, దాని ఊపిరితిత్తులు నీ రెండు అరచేతులు పక్కపక్కన పరిస్తే పట్టనంత పెద్దవి కానీ ముందు భుజం ఎముక, కండ చాలా మందం. పలచటి 150 ఆ ఎముకకి తగిలితే లోపలికి పోకముందే విచ్చుకుపోతుంది.

165 బాండెడ్ తీసుకో, అంటే లోపలి సీసం బయటి రాగి తొడుక్కి అతికించి ఉంటుంది, ఊడి రాదు. బయల్దేరేటప్పుడు సెకనుకి సుమారు 2700 అడుగుల వేగం, 300 గజాల దగ్గర కూడా 1500 ఫుట్‌పౌండ్లకి పైనే దెబ్బ ఉంటుంది, ఎల్క్‌కి కనీసం అది ఉండాలని ఇక్కడివాళ్లు లెక్కేస్తారు. పోయిన నవంబర్లో నేను కొట్టిన ఆడ ఎల్క్ దగ్గర అవతలి పక్క చర్మం కింద బటానీ గింజంత బొడిపె తగిలింది, కత్తితో కోస్తే పుట్టగొడుగులా విచ్చుకున్న బుల్లెట్ చేతిలో పడింది, ఇంకా వెచ్చగా ఉంది. ఇంటికొచ్చి కడిగి తూస్తే 139 గ్రెయిన్లు మిగిలాయి. ఎముక దాటి వెళ్లి కూడా. అదీ కావాల్సింది.

ఇంకోటి, ఎఫ్‌ఎంజే (మొత్తం లోహపు తొడుగుతో, విచ్చుకోని బుల్లెట్) చవకని ప్రాక్టీసుకి కొన్నా అడవికి మాత్రం తీసుకెళ్లకు. కొలరాడోలో విచ్చుకునే బుల్లెట్టే ఉండాలి, ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్లు. ఎక్కువ మందుండే మాగ్నమ్ కావాలని కూడా ఎవరైనా అంటారు, వినకు. భుజానికి భయపడి కళ్లు మూసి కాల్చే 300 మాగ్ కన్నా నింపాదిగా కాల్చే 308 మేలు.

నిదానం:
165 సీసం బాండెడ్ కన్నా 150 కాపర్ ఎందుకు కాదు? కాపర్ తన బరువంతా నిలుపుకుంటుంది, అందుకే తక్కువ బరువు తీసుకున్నా లోతుగా పోతుంది. అక్క చెప్పిన ఎముక సమస్య దానికి లేదు.

పైన్‌గాలి:
తీసుకోవచ్చండీ, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే కాపర్ విచ్చుకోవాలంటే వేగం కావాలి, దూరం పెరిగి వేగం 1800, 2000 కిందికి పడితే పెన్సిల్ చిల్లిలా దూసుకుపోతుంది. రెండొందల గజాల లోపే కాలుస్తానంటే కాపరే తీసుకో తమ్ముడూ. నేనైతే సీసం వాడినా గాయం చుట్టూ జానెడు మేర మాంసం కోసి పారేస్తాను, ఖీమాలో కలపను.

పాతబోల్ట్:
ఎన్ని కాల్చావు, ఎంత సేపట్లో?

కొత్తదారి:
అరవై దాకా. మధ్యలో ఒకసారి టీ తాగా. బ్యారెల్ ముట్టుకోలేనంత వేడెక్కింది.

పాతబోల్ట్:
అదీ సంగతి. వేట రైఫిల్ బ్యారెల్ సన్నగా ఉంటుంది, వేడెక్కితే గురి పక్కకి జరుగుతుంది. పైగా ఒక్క షాట్‌కే స్కోప్ తిప్పావు. ఒకే రకం పెట్టు. మూడు కాల్చు, పది నిమిషాలు ఆగు, చల్లారాక మళ్లీ మూడు. మూడింటి మధ్య బిందువు చూసి అప్పుడు తిప్పు. కాపర్ నుంచి సీసానికి మారేటప్పుడు బ్యారెల్ శుభ్రం చెయ్యి. స్కోప్ బిగించే బేస్ స్క్రూలు కూడా చూసుకో. అడవిలో నీకు దొరికేది చల్లటి బ్యారెల్‌తో మొదటి షాట్ ఒక్కటే, అది ఎక్కడ పడుతుందో రాసిపెట్టుకో.

రెండెడ్లు:
అన్నట్టు ఎల్క్‌ని తెలుగులో ఏమంటారో ఎవరికైనా తెలుసా? దుప్పి అంటే చుక్కలది. బ్రిటిష్ వాళ్లు మన దగ్గర సాంబర్‌ని, అంటే కణుజుని, ఎల్క్ అని రాసేవాళ్లు. యూరప్‌లో ఎల్క్ అంటే ఇక్కడి మూస్. అమెరికా ఎల్క్ అసలు పేరు వాపిటి, షానీ అనే అమెరికా ఆదివాసుల భాషలో తెల్ల పిర్ర అని అర్థం.

సన్నబియ్యం:
కణుజు అనొచ్చు కదా, అదీ పెద్దదే.

రెండెడ్లు:
అనకూడదు, వేరే జంతువు. కణుజుకి పిర్ర తెల్లగా ఉండదు.

ఎర్రమట్టి:
ఇవన్నీ చదివి ఊర్లో ఎవరైనా దుప్పి మీద ప్రయత్నిస్తారేమో, ముందే చెప్తున్నా, ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు. ఇక్కడ ట్యాగ్ ఉంది కాబట్టి మాట్లాడుకుంటున్నాం.

కొత్తదారి:
నాలుగు రోజులు రాలేకపోయా, ఆఫీసులో రిలీజ్ ఉండింది. బేస్‌కి ముందు స్క్రూ నిజంగానే వదులుగా ఉంది, పావు చుట్టు తిరిగింది. 165 ఒకటే పెట్టి, చల్లారనిచ్చి మూడేసి కాల్చా, వంద గజాల దగ్గర అంగుళంన్నర లోపల పడ్డాయి, రెండు అంగుళాలు పైకి పెట్టా, రెండొందల దగ్గర నడిమధ్యకి వస్తోంది. అక్కా, పాతబోల్ట్ గారూ, థ్యాంక్స్. మిగిలిన 150, 180 బాక్సులు షాపువాడు తీసుకోనన్నాడు.

నిదానం:
బక్‌ని కొడితే తల పారేయకు, సీడబ్ల్యూడీ (జింకల మెదడుకి వచ్చే ప్రాణాంతక జబ్బు) శాంపిల్ ఇవ్వాల్సి రావచ్చు. 1967లో ఆ జబ్బు మొదట బయటపడింది మీ కొలరాడోలోనే, ఫోర్ట్ కాలిన్స్‌లో. రిజల్ట్ వచ్చేదాకా ఫ్రీజర్లో ఉంచి తినకుండా ఆగు. మీ వేట యూనిట్‌లో టెస్ట్ తప్పనిసరేనా?

సన్నబియ్యం:
ఆ 150 బాక్స్ నాకు ఇస్తావా తమ్ముడూ, నాది కూడా 308 విన్నే, బ్యారెల్ మీద చదివే చెప్తున్నా.