మాదకద్రవ్యాల స్క్రీనింగ్‌కు మెడికెయిడ్ బిల్లింగు కోడ్: ఒక్కో రాష్ట్రం ఒక్కో మాట చెబుతోంది, సాయం చేయండి

అట్లాంటా విద్యార్థిని, రాత్రి 11.20

నమస్కారం. ఆరు గంటలుగా ఒకే ఎక్సెల్ పట్టిక ముందు కూర్చున్నాను. ప్రజారోగ్యంలో మాస్టర్స్ చివరి సెమిస్టరు నాది. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ మీద ప్రాజెక్టు కోసం అమెరికాలోని 50 రాష్ట్రాలకూ, వాషింగ్టన్ డీసీకీ ఈమెయిల్ పంపాను. మాదకద్రవ్యాల స్క్రీనింగ్‌కు ఏ బిల్లింగు కోడ్ వాడతారు, దానికి డబ్బు చెల్లిస్తారా అన్నదే ప్రశ్న. ఇంతకంటే సులువుగా ఎలా అడగాలో నాకు తెలియదు. 23 జవాబులు వచ్చాయి, ఒకదానికొకటి పొంతన లేదు. కొందరు 99408 అన్నారు, కొందరు హెచ్ 0049, కొందరు హెచ్ 0003. ఇద్దరు 80305 అన్నారు. ఒక రాష్ట్రం నుంచి సోమవారం ఒక అధికారి చెల్లిస్తామని రాస్తే, బుధవారం అదే రాష్ట్రం నుంచి మరొకరు ఆ కోడ్‌కు చెల్లింపు లేదని రాశారు. నలుగురైతే ఇది మా పని కాదని ఒక్క వాక్యంతో తేల్చేశారు. శుక్రవారానికి పట్టిక ఇవ్వాలి. వీటిలో సరైన కోడ్ ఏది?

పాత బిల్లింగు మనిషి

ఎవరికి రాశారు?

అట్లాంటా విద్యార్థిని

రాష్ట్ర ఆరోగ్య శాఖలకు. పైన చెప్పాను కదండీ.

పాత బిల్లింగు మనిషి

చెప్పలేదు. ఆరోగ్య శాఖ అంటే ఇక్కడ ఒక ఆఫీసు కాదు. మెడికెయిడ్ ఏజెన్సీకా, ఎస్‌ఎస్‌ఏకా, ప్రజారోగ్య విభాగానికా?

డాలస్ రావు

ఎస్‌ఎస్‌ఏకు దీంతో ఏమి సంబంధం? అది సోషల్ సెక్యూరిటీ వాళ్లది. పింఛన్లు, వైకల్య భృతి చూస్తారు. అమ్మాయిని ఇంకా తికమక పెట్టకండి.

పాత బిల్లింగు మనిషి

ఆ ఎస్‌ఎస్‌ఏ కాదు. మాదకద్రవ్యాల సమస్య చూడటానికి ప్రతి రాష్ట్రంలోనూ ఒక విభాగం ఉంటుంది. కేంద్రం ఇచ్చే బ్లాక్ గ్రాంటు దాని చేతికే వస్తుంది. సింగిల్ స్టేట్ ఏజెన్సీ అంటారు.

డాలస్ రావు

నేను చదివిన మెడికెయిడ్ నిబంధనల్లో సింగిల్ స్టేట్ ఏజెన్సీ అంటే మెడికెయిడ్ నడిపే ఏజెన్సీయే. కేంద్ర నిబంధనల సంపుటం 42 సీఎఫ్ఆర్ 431.10 చూడండి. మీరు చెప్పేది వేరు.

పాత బిల్లింగు మనిషి

రెండు చోట్లా అదే పేరు. అందుకే ఎవరికి రాశారని అడిగాను.

విజయవాడ మనోవైద్యుడు

సందర్భం వచ్చింది కనుక ఒక మాట చెప్పాలి. ఈ చర్చలో ఇంకా ఎవరూ ఆ మాట వాడలేదు, వాడబోతారని భయం. అమెరికా పత్రాల్లో కనిపించే అబ్యూజ్ అన్న పదాన్ని మనవాళ్లు దుర్వినియోగం అని, మనిషిని వ్యసనపరుడు అని రాస్తారు. మానసిక రుగ్మతలను వర్గీకరించే అమెరికా గ్రంథం డీఎస్‌ఎం-5 2013లో వచ్చింది. అది దుర్వినియోగం, పరాధీనత అనే రెండు విభాగాలనూ తీసేసి, వినియోగ రుగ్మత అనే ఒకే పేరు కింద పెట్టింది. తీవ్రతను బట్టి స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అంటారు. ఇది పేరు మార్పుతో పోయే విషయం కాదు. నా దగ్గరకు వచ్చే కుటుంబాలు వ్యసనపరుడు అన్న మాట వినగానే తల దించుకుంటాయి, మళ్లీ రావు. స్క్రీనింగ్ ఉద్దేశమే ఇంకా రుగ్మత దాకా రాని మనిషిని ముందుగా పలకరించడం. ఆ పలకరింపులోనే నింద ఉంటే అతను నిజం చెప్పడు. ప్రశ్నావళిలో ఏ మాట వాడారో చూసుకోండి.

డాలస్ రావు

డాక్టరు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ 99408 నిర్వచనంలోనే అబ్యూజ్ అని అచ్చు వేసి ఉంది. కోడ్ గురించి అడిగేటప్పుడు కోడ్‌లో ఉన్న మాటే రాయాలి.

విజయవాడ మనోవైద్యుడు

ప్రధానంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ బీమా మెడికేర్ తన సొంత కోడ్ జి 0396లో మిస్‌యూజ్ అని రాసుకుంది కదా. మార్చాలనుకుంటే మార్చవచ్చు.

హైదరాబాద్ రాత్రి షిఫ్టు

నేను ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల క్లెయిములు కోడింగు చేస్తాను. పదకొండేళ్లు అయింది. ఈ ప్రశ్నకు కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

అమ్మా, సరైన కోడ్ ఏది అన్న ప్రశ్నకే జవాబు లేదు. పని ఒకటే, డబ్బు ఇచ్చేవాడిని బట్టి కోడ్ మారుతుంది. 99408, 99409 రెండూ 2008లో సీపీటీ అనే వైద్య సేవల కోడ్‌ల జాబితాలోకి వచ్చాయి. మొదటిది 15 నుంచి 30 నిమిషాలకు, రెండోది 30 దాటితే. వీటిలో స్క్రీనింగ్, దాని తరువాతి సంక్షిప్త సలహా కలిసి ఉంటాయి. ప్రైవేటు బీమా వాళ్లు, కొన్ని మెడికెయిడ్‌లు వీటిని తీసుకుంటాయి. మెడికేర్ తీసుకోదు. దానికి జి 0396, జి 0397 ఉన్నాయి. అక్కడ స్క్రీనింగ్ అన్న మాట బదులు అసెస్‌మెంట్ అని ఉంటుంది, అదే నిమిషాలు. 5 నుంచి 14 నిమిషాల పనికి జి 2011 అని తరువాత ఇంకొకటి చేర్చారు. మద్యం ఒక్కదానికే ఏడాదికోసారి చేసే స్క్రీనింగ్ జి 0442. ఇక హెచ్ కోడ్‌లు ప్రధానంగా మెడికెయిడ్‌ల కోసం పుట్టినవి. హెచ్ 0049 స్క్రీనింగ్‌కు, హెచ్ 0050 సంక్షిప్త సలహాకు, ప్రతి 15 నిమిషాలకు ఒక యూనిట్. అంటే ఇక్కడ రెండు పనులనూ విడదీశారు, సీపీటీలో కలిపారు. ఒకే వరుసలో పెట్టి పోలిస్తే పట్టిక ఎలా కుదురుతుంది?

ఉదాహరణకు కాలిఫోర్నియా మెడికెయిడ్ అయిన మెడీకాల్‌లో మద్యం స్క్రీనింగ్‌కు జి 0442, మాదకద్రవ్యాల స్క్రీనింగ్‌కు హెచ్ 0049, సలహాకు హెచ్ 0050. ఒక్క రాష్ట్రంలోనే మూడు కోడ్‌లు. మీ పట్టికలో రాష్ట్రానికి ఒక్క గడి ఉంటే అది పుట్టుకతోనే తప్పు.

అట్లాంటా విద్యార్థిని

ఒక్క గడే ఉంది. అయితే హెచ్ 0003, 80305 అన్నవాళ్లు తప్పు చెప్పారా?

పాత బిల్లింగు మనిషి

మీరు పంపిన ప్రశ్న ఉన్నది ఉన్నట్లుగా ఇక్కడ పెట్టండి.

అట్లాంటా విద్యార్థిని

"మీ రాష్ట్రంలో డ్రగ్ స్క్రీనింగ్‌కు చెల్లింపు ఉందా? ఉంటే ఏ కోడ్ కింద?" ఇంగ్లీషులో సరిగ్గా ఇదే. ఇంకేమీ లేదు.

పాత బిల్లింగు మనిషి

అదీ సంగతి. వాళ్లు మూత్ర పరీక్ష అనుకున్నారు.

హైదరాబాద్ రాత్రి షిఫ్టు

అవును. వాళ్లు తప్పు చెప్పలేదు, మీరు అడిగినదానికే చెప్పారు. బిల్లింగు ఆఫీసులో డ్రగ్ స్క్రీన్ అంటే సీసాలో మూత్రం. 80305 అంటే అదే, పట్టీ ముంచి కంటితో చూసే పరీక్ష. హెచ్ 0003 కూడా ప్రయోగశాల విశ్లేషణే. హెచ్ 0049తో పక్కపక్కన పెడితే పేర్లు దాదాపు ఒకటే, అందుకే కొత్తవాళ్లు పొరపాటు పడతారు. మీకు కావలసింది మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగే స్క్రీనింగ్. మద్యానికి ఆడిట్, మాదకద్రవ్యాలకు డాస్ట్ వంటి ప్రశ్నావళులు. ఆ పేర్లు ప్రశ్నలో రాయాలి.

విజయవాడ మనోవైద్యుడు

తెలుగులో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మనం రెంటినీ పరీక్ష అనే అంటాం. స్క్రీనింగ్ అంటే జల్లెడ పట్టడం. జల్లెడలో మిగిలినదాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని చూడటం అసెస్‌మెంట్. పరీక్ష అనే ఒక్క మాట ఈ రెండు పనులనూ మింగేస్తుంది.

డాలస్ రావు

జల్లెడ అంటే పనికిరానివాళ్లను పారేసినట్లు లేదా? నింద గురించి చెప్పింది మీరే.

విజయవాడ మనోవైద్యుడు

బియ్యం జల్లించేది రాళ్లు దొరకాలనే. దొరికిన మనిషికి సాయం అందాలి. వేరే మాట ఉంటే చెప్పండి, సంతోషంగా వాడతాను.

ఒహాయో నర్సు

నేను చేసే పని ఇదే కనుక చెబుతున్నాను. కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన క్లినిక్‌లో డబ్బు రాదు. 99408కు కనీసం 15 నిమిషాలు ఉండాలి. నేను పన్నెండు నిమిషాలు మాట్లాడి, ఆ మనిషి మొదటిసారి తన తాగుడు గురించి నోరు విప్పి ఏడ్చి వెళ్లిన రోజులు ఉన్నాయి. ఆ పన్నెండు నిమిషాలు ఆ కోడ్ కింద లెక్కకు రావు. పది ప్రశ్నలూ అడిగి ఏ సమస్యా లేదని తేలినా సలహా ఇవ్వలేదు కనుక రావు. మా దగ్గరి ఎఫ్‌క్యూహెచ్‌సీలో, అంటే కేంద్ర నిధులతో నడిచే ఆరోగ్య కేంద్రంలో, సందర్శనకు ఇంత అని కట్టగట్టి ఇస్తారు, స్క్రీనింగ్‌కు విడిగా ఏమీ ఉండదు. పెద్దలందరికీ మద్యం స్క్రీనింగ్ చేయమని నివారణ సేవల టాస్క్‌ఫోర్స్ 2018లో, మాదకద్రవ్యాల వాడకం గురించి అడగమని 2020లో బి గ్రేడ్ ఇచ్చింది. చేయమని చెప్పేవాళ్లున్నారు, ఆ నిమిషాలకు వెల కట్టేవాళ్లు కరువు. మీ పట్టికలో రాష్ట్రం ఎదురుగా "చెల్లిస్తుంది" అని చూసి ఎవరో సమస్య తీరిపోయిందని అనుకుంటారు. అలా రాయకండి, దయచేసి.

అట్లాంటా విద్యార్థిని

అలా అయితే ఏమి రాయాలి? సోమవారం అవును, బుధవారం కాదు అన్న రాష్ట్రాన్ని ఏ వరుసలో పెట్టను?

హైదరాబాద్ రాత్రి షిఫ్టు

ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. మెడికెయిడ్‌లో చాలా మంది, రాష్ట్రం తరఫున బీమా నడిపే మేనేజ్డ్ కేర్ సంస్థల కింద ఉంటారు. రాష్ట్రం నేరుగా చెల్లించే జాబితాలో కోడ్ ఉండి, సంస్థ దగ్గర వేరే షరతులు ఉండవచ్చు. కోడ్ జాబితాలో ఉండి దాని ఎదురుగా ధర సున్నా ఉన్న సందర్భాలూ చూశాను. ఒక అధికారి జాబితా చూసి ఉందన్నారు, మరొకరు ధర చూసి లేదన్నారు. ఏది చూసి చెప్పారో ఇద్దరినీ అడగండి.

ఇక పద్ధతి. మళ్లీ అందరికీ ఖాళీ ప్రశ్న పంపకండి. చాలా రాష్ట్రాల మెడికెయిడ్ ఫీజు పట్టికలు అందరికీ కనిపించేలా ఉంటాయి. ముందు మీరే తెరిచి 99408, 99409, జి 0396, జి 0397, హెచ్ 0049, హెచ్ 0050 ఒక్కొక్కటీ వెతికి, దొరికినది నింపి, తప్పుంటే దిద్దండి అని పంపండి. ఖాళీ కాగితం నింపమంటే అధికారి పక్కన పెడతాడు, తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేడు. ప్రతి కోడ్‌కూ ఎవరు బిల్లు చేయవచ్చు, డాక్టరు మాత్రమేనా, సామాజిక కార్యకర్త కూడానా, ఏడాదికి ఎన్నిసార్లు, మాడిఫయర్ (కోడ్ చివర చేర్చే గుర్తు) కావాలా అన్నవి విడిగా అడగండి. పిల్లలా పెద్దలా అన్నది కూడా. 21 ఏళ్లలోపు వాళ్లకు మెడికెయిడ్‌లో ఉన్న ఈపీఎస్‌డీటీ అనే ఆరోగ్య పరీక్షలు, చికిత్సల పథకం నిబంధనలు వేరు.

పాత బిల్లింగు మనిషి

మెడికెయిడ్ ఏజెన్సీకి పంపండి. ఎస్‌ఎస్‌ఏకు ప్రతి.

డాలస్ రావు

ఏ ఎస్‌ఎస్‌ఏ?

కొత్త సభ్యుడు, విశాఖ

నమస్తే అండి. విషయం వేరైనా ఇక్కడే అడుగుతున్నాను. నేను బీఫార్మసీ చేశాను. మెడికల్ కోడింగులోకి రావాలంటే కోడర్ల అర్హత కోసం పెట్టే సీపీసీ పరీక్ష ముందే రాయాలా, ఉద్యోగంలో చేరాక రాయవచ్చా?

హైదరాబాద్ రాత్రి షిఫ్టు

శరీర నిర్మాణం మీద పట్టు ఉందా? అది లేకుండా పరీక్ష రాయకండి. మిగతాది విడిగా మెసేజ్ పెట్టండి.

అట్లాంటా విద్యార్థిని

ఒక్క సందేహం. విశ్వవిద్యాలయం నైతిక కమిటీ అనుమతి లేకుండానే పంపాను. ఇబ్బంది అవుతుందా?

విజయవాడ మనోవైద్యుడు

అధికారి గురించి కాక ఏజెన్సీ విధానం గురించి అడిగితే సాధారణంగా మనుషులపై పరిశోధన కిందికి రాదు. అయినా ఆ మాట కమిటీ చెప్పాలి, మీరు నిర్ణయించుకోకూడదు. వెంటనే రాయండి.

అట్లాంటా విద్యార్థిని, మరునాడు సాయంత్రం

ప్రొఫెసరు వారం గడువు ఇచ్చారు. కమిటీకి రాశాను, వాళ్ల మాట వచ్చేదాకా ఏమీ పంపను. ఈలోగా తొమ్మిది రాష్ట్రాల ఫీజు పట్టికలు తెరిచాను, రెండింటిలో హెచ్ 0049 ఎదురుగా ధర గడి ఖాళీగా ఉంది. అందరికీ ధన్యవాదాలు.

ఒహాయో నర్సు

ఖాళీ అంటే సున్నానా, లేక ధర వేరే పట్టికలో ఉందా?

పాత బిల్లింగు మనిషి

ఏ తేదీ పట్టిక చూశారో ప్రతి వరుసలో రాయండి.