కంట్లో పువ్వు పడ్డ ఎద్దును మందలోకి తోలాలా, ఇంట్లో కట్టేయాలా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ తాలూకా):
మా ఊరి ఉమ్మడి మందలో నూటపది దాకా గొడ్లు, ఒక్కడే కాపరి. పది రోజుల కింద దూడలకు కళ్ళు కారడం మొదలైంది, ఇప్పుడు పెద్దవాటికీ అంటుకుంది. చెంపల మీద తడి చారలు, వాటి నిండా ఈగలు. మా దాపటెద్దు ఎండలో కన్ను తెరవడం లేదు, నల్లగుడ్డు నడుమ తెల్లచుక్క తేలింది. ఉప్పు నమిలి ఊయమని అమ్మ అంటోంది. మందుల షాపాయన అడగ్గానే ఒక ట్యూబు తీసిచ్చాడు. ఏది వేయాలి? రేపు మందలోకి తోలాలా వద్దా?

కాడిమాను:
తోలు తమ్మీ, ఏం కాదు. నలభై ఏళ్ళుగా గొడ్లు సాకుతున్నా. పొద్దున్నే ఉప్పుకల్లు నమిలి కంట్లో ఊయి, సాయంత్రం తుమ్మి ఆకు పసరు రెండు చుక్కలు. పువ్వు దానంతటదే కరుగుతుంది.

పచ్చిక:
అన్నా, ముందు ఆ ట్యూబు మీద ఏం రాసుందో చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి పేరు ఉంటే పక్కన పెట్టేయండి. అవి స్టెరాయిడ్లు. ఎరుపు తొందరగా తగ్గుతుంది కాబట్టి పని చేసినట్టే అనిపిస్తుంది. నల్లగుడ్డు మీద పుండు ఉంటే మాత్రం అది మానదు, లోతుకు పోతుంది. మూడేళ్ళ కింద నాకు ఇదే జరిగింది. ట్యూబు పెట్టిన ఆరో రోజుకు కన్ను చితికింది. ఒంటి కన్ను ఎద్దును సంతకు తీసుకెళితే సగం ధరకు కూడా అడిగినవాడు లేడు. 2015 నుంచి మహారాష్ట్రలో ఎద్దులను కూడా కోతకు అమ్మే దారి లేదు కదా. ఇప్పటికీ మా కొట్టంలోనే ఉంది, మేస్తోంది.
ఇక మందలోకి తోలడం గురించి. ఇది మొరాక్సెల్లా బోవిస్ అనే సూక్ష్మజీవి పని. ఈగ ఒక గొడ్డు కంటినీరు తాగి ఇంకో గొడ్డు మీద వాలుతుంది, ఆ క్రిమి దాని కాళ్ళ మీద మూడు రోజుల దాకా బతుకుతుంది. ఎండ, దుమ్ము, గడ్డి గింజలు కంటిని గీరి దానికి దారి ఇస్తాయి. తోలకండి.

కాడిమాను:
ఉప్పు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదేం?

పచ్చిక:
పుండు మీద ఉప్పు వేస్తే ఏమవుతుందో మీకు తెలియదా పెద్దాయనా? పైగా నోటి ఎంగిలి.

కాడిమాను:
కన్నీళ్ళు కూడా ఉప్పగానే ఉంటాయి. నా గొడ్లన్నీ బాగయ్యాయి. ఒక్కటైనా గుడ్డిదైందేమో వచ్చి చూసుకో.

గొర్రెల మడి:
కన్ను ఎద్దుది, మంట మీ ఇద్దరిదీ 😀

కిమిడి కుర్రాడు (పర్లాకిమిడి):
మా వైపు పొగాకు రసం పిండుతారండి. ఆ గొడ్డు గిలగిల కొట్టుకోవడం చూడలేం. ఇంకో మాట. కన్ను కారినదల్లా ఈ జబ్బే కాదు. మా ఆవుకి అందరూ కళ్ళకలకే అన్నారు. డాక్టర్ గారు రెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లదారాల్లాంటి పురుగులు కదులుతున్నాయి. దానికి మందు వేరు.

పచ్చిక:
నిజం, చూడకుండా చెప్పలేం. కాడిమాను గారూ, మీ గొడ్లు బాగయ్యాయంటే నమ్ముతాను. చాలా కళ్ళు ఏ మందూ లేకుండానే మూడు నుంచి ఐదు వారాల్లో మానతాయి. ఆ పేరు ఉప్పుకు పోయింది. పుండు లోతైన కంటికి మాత్రం మచ్చ మిగులుతుంది, ఒక్కోసారి కన్నే పోతుంది.

కాడిమాను:
అంటే నలభై ఏళ్ళు నేను ఊరికే ఊశానా?

పచ్చిక:
ఆ మాట నేననలేదు.

కాడిమాను:
అన్నావు. నువ్వెవరో నాకు తెలుసు, మన ఊళ్ళు పక్కపక్కనే. ఇప్పుడు మందలోకి తోలొద్దని పాఠాలు చెబుతున్నావే, ఆ ఏడు నీ ఎద్దు కన్ను కారుతుంటే నువ్వు ఆపావా? పది రోజులు తోలావు.

పచ్చిక:
తోలాను. నాకు తెలియక. మరి అంతకుముందు మందలోకి జబ్బు తెచ్చిందెవరు? మీ అల్లుడు సంత నుంచి తెచ్చిన జత కోడెలు. కళ్ళు కారుతుంటే లారీలో దుమ్ము పడిందన్నారు. తెచ్చిన రోజే మందలో కలిపారు. నా ఎద్దుకు అంటింది అక్కడే. ఒక్కరోజు వచ్చి ఎలా ఉందని అడిగారా మీరు?

కాడిమాను:
ఈగకు పేరు రాసి ఉంటుందా, ఫలానా వాడి కోడె మీద నుంచి వచ్చానని?

ప్రాణహిత ఒడ్డు:
పెద్దలూ, నా ఎద్దు సంగతి చెప్పండి ముందు.

మందవెనుక:
నేను కాపరి కొడుకుని. ఏ ఊరు అని అడగొద్దు, పేరు చెబితే నాన్నకు ఇబ్బంది. మీరిద్దరూ ఉప్పు, ఈగ అని కొట్టుకుంటున్నారు. నాన్నకు జీతం తల లెక్కన. గొడ్డును ఇంట్లో కట్టేస్తే ఆ నెల దాని డబ్బు ఇవ్వరు. ఇరవై గొడ్లు ఆగితే ఆయనకు ఏం మిగులుతుంది? అందుకే కన్ను కారుతోందని ముందుగా ఎవరికీ చెప్పడు. ఇంట్లో కట్టేస్తే గడ్డి కోసుకురావాలి, నీళ్ళు మోయాలి, కాబట్టి ఆసామీ కూడా చూసీ చూడనట్టు తోలేస్తాడు. చివరికి ఒకరి గొడ్డు గుడ్డిదైతే అందరూ నాన్ననే తిడతారు. పోయినేడు కన్ను పోయిన ఆవుకు బదులుగా రెండు నెలల జీతం కోసేశారు.

గొర్రెల మడి:
అసలు లెక్క ఇక్కడుంది.

పచ్చిక:
తమ్ముడూ, నిజం చెప్పాలంటే మా ఊళ్ళో నేనూ ఆ నెల డబ్బు ఆపాను. నా ఎద్దు కోసం ఆ రోజు ఎవరిని తిట్టానో ఇప్పుడు రాయలేను.

కాడిమాను:
జీతం ఇంటిదగ్గర కట్టేసిన గొడ్డుకు కూడా ఇమ్మంటే మా ఊళ్ళో ఎవరొప్పుకుంటారు? ఒకసారి అడిగితే ఏటా అడుగుతారు.

మందవెనుక:
అదే పెద్దాయనా. మీకు అడ్డం వచ్చేది జబ్బు కాదు, అది.

ప్రాణహిత ఒడ్డు:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. పశువైద్యం హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేశాను. వచ్చిన డాక్టరమ్మ కంట్లో రంగుచుక్క వేసి చూపించారు, పుండు ఉన్నచోట పచ్చగా మెరిసింది. ట్యూబులో స్టెరాయిడ్ ఉంది, పారేయమన్నారు. ఎక్కువ కాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సూది బరువు లెక్కన 30 మి.లీ., ఒకేచోట కాకుండా మెడలో మూడుచోట్ల చేశారు. ఈరోజు మళ్ళీ వచ్చి రెండోది కూడా చేశారు. పాత జీన్స్ ప్యాంటు గుడ్డ కత్తిరించి కంటి మీద గమ్ముతో అంటించారు, నీరు కారడానికి కింద మాత్రం వదిలారు. ఎద్దు చూడ్డానికి దొంగలా ఉంది. కొట్టంలో చీకట్లో కట్టేశాం, గడ్డి నేనూ అమ్మా కోస్తున్నాం. ఈగలకు సాయంత్రం వేపాకు పొగ. కాపరికి నెల డబ్బు పూర్తిగా ఇచ్చాను. అది చూసి ఇంకో ముగ్గురు తమ గొడ్లను ఆపారు, ఇద్దరు మాత్రం తోలుతూనే ఉన్నారు.

కిమిడి కుర్రాడు:
పాలిచ్చే ఆవుకి ఆ సూది చేస్తే పాలు ఎన్నాళ్ళు వాడకూడదో డాక్టరమ్మని అడిగి ఉంచండి.

కాడిమాను:
తమ్మీ, ఆమె మీ ఊరికి మళ్ళీ ఎప్పుడొస్తుంది? మా ఇంట్లో రెండు దూడలకు కారుతున్నాయి. పది రోజులైంది.

పచ్చిక:
పది రోజులా?